థండర్ సోల్ (డాక్యుమెంటరీ చిత్రం)

థండర్ సోల్ 2010లో వెలువడిన ఒక అమెరికన్ డాక్యుమెంటరీ చిత్రము. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో టెక్సస్ రాష్ట్రానికి చెందిన హ్యూస్టన్ నగరంలోని కాష్మియర్ ఉన్నత పాఠశాల విద్యార్థుల వాద్యబృందమైన "కాష్మియర్ స్టేజ్ బ్యాండ్", దానిని తీర్చిదిద్దిన సంగీతోపాధ్యాయుడు కాన్రాడ్ ఓ. జాన్సన్ ఇందలి కథావస్తువు. 1970లలో ఈ బృందంలో వాయించిన విద్యార్థులు ముప్పై సంవత్సరాలకు పైగా గడచిన తరువాత 2008లో తిరిగి కలుసుకొని, 92 సంవత్సరాల వయసులో ఉన్న తమ గురువు ఎదుట కచేరీ చేయడం ఈ చిత్రానికి వెన్నెముక వంటిది. దర్శకుడు మార్క్ లాండ్స్‌మన్. టెక్సస్‌లో పుట్టి పెరిగిన ప్రసిద్ధ నటుడు, గాయకుడు జేమీ ఫాక్స్ దీనిని సమర్పించాడు. చిత్రం నిడివి సుమారు 83 నిమిషాలు.

పాఠశాల పేరు చూచి మన కాశ్మీరుతో ముడిపెట్టనవసరం లేదు. హ్యూస్టన్ నగరానికి ఈశాన్య దిక్కున, నల్లజాతివారు అధికంగా నివసించే కాష్మియర్ గార్డెన్స్ అనే పేట ఉన్నది. పాఠశాలకు ఆ పేటను బట్టియే ఆ పేరు కలిగినది.

స్టేజ్ బ్యాండ్ అనగా నేమి

అమెరికా ఉన్నత పాఠశాలలలో బ్యాండు అనేది కేవలం సాయంకాలపు వినోదం కాదు. గణితము, చరిత్ర వలెనే అది కూడా పాఠ్యప్రణాళికలో ఒక తరగతి. విద్యార్థులు అందులో చేరి, పరీక్షలకు హాజరై, మార్కులు పొందుతారు. ఫుట్‌బాల్ ఆటల సమయంలో మైదానంలో కవాతు చేస్తూ వాయించే కవాతు బ్యాండు ఒక రకము. వేదికపై కూర్చుండి శాస్త్రీయ రచనలను వాయించే కచేరీ బ్యాండు మరియొకటి. జాజ్ పద్ధతిలో నృత్యానికి అనువైన సంగీతాన్ని వాయించేది స్టేజ్ బ్యాండు.

ఈ మూడవదానికి ఆ పేరు రావడం వెనుక ఒక సంకోచం కలదు. 20వ శతాబ్దపు మధ్యకాలంలో జాజ్ అనే మాట చాలామంది విద్యావేత్తలకు రాత్రి క్లబ్బులను, మద్యపానాన్ని గుర్తుకు తెచ్చేది. టెక్సస్‌లోనే ఉన్న నార్త్ టెక్సస్ కళాశాల 1947లో జాజ్‌లో పట్టా కోర్సును ప్రారంభించినప్పుడు దానికి "డాన్స్ బ్యాండ్" అని పేరు పెట్టవలసి వచ్చినది. పాఠశాలలలో వాడుకలోకి వచ్చిన "స్టేజ్ బ్యాండ్" అనే పేరు కూడా అటువంటి మర్యాద ముసుగే.

అటువంటి బృందంలో సాధారణంగా శాక్సాఫోన్లు, ట్రంపెట్లు, ట్రాంబోన్లు వరుసలుగా ఉంటాయి. వీటికి తోడు డ్రమ్ములు, బేస్ గిటారు, గిటారు, పియానో కలిసి లయ విభాగము అనబడుతుంది. మన పెళ్ళి ఊరేగింపులలోని బ్యాండుమేళంలో కనిపించే ఇత్తడి వాద్యాలు చాలావరకు ఇవే.

కాన్రాడ్ జాన్సన్

కాన్రాడ్ ఓ. జాన్సన్ 1915 నవంబరు 15న టెక్సస్‌లోని విక్టోరియా పట్టణంలో జన్మించాడు. ఇతని బాల్యంలోనే కుటుంబం హ్యూస్టన్‌కు తరలివచ్చినది. మార్షల్ పట్టణంలోని వైలీ కళాశాలలో పట్టభద్రుడై, 1941లో సంగీతోపాధ్యాయ వృత్తిని చేపట్టాడు. 1978లో పదవీ విరమణ చేసేవరకు, అనగా 37 సంవత్సరాలపాటు, ఆ వృత్తిలోనే కొనసాగాడు. విద్యార్థులందరూ ఇతనిని "ప్రాఫ్" అని పిలిచేవారు. చిత్రంలో కూడా ఎవరి నోటనైనా ఇదే పేరు వినిపిస్తుంది.

జాన్సన్ స్వయంగా మంచి శాక్సాఫోన్ విద్వాంసుడు. ఉపాధ్యాయుడుగా ఉంటూనే హ్యూస్టన్‌లో తన సొంత బృందాన్ని నడిపి రికార్డులు వెలువరించాడు. వాటిలో "హౌలింగ్ ఆన్ డౌలింగ్" అనునది ఒకటి. డౌలింగ్ అనేది ఆ నగరంలో నల్లజాతివారి సంగీతానికి, వ్యాపారానికి కేంద్రమైన వీథి. 2017లో దాని పేరును "విమోచన మార్గం" అనే అర్థం వచ్చేలా ఎమాన్సిపేషన్ అవెన్యూగా మార్చారు. ఊరూరా తిరిగే సంగీతజ్ఞుని జీవితం ఇతనికి అందరానిదేమీ కాదు. అయినను ఇతడు ఇల్లు, కుటుంబం, బడి ఉన్న చోటనే నిలిచిపోయాడు. తరువాతి కథను అర్థం చేసుకోవడానికి ఈ విషయం ముఖ్యము. పిల్లలకు జాజ్ నేర్పినది జాజ్‌ను పుస్తకంలో చదువుకొన్నవాడు కాదు, రాత్రిపూట వేదికలపై వాయించి పగటిపూట నల్లబల్ల ముందు నిలిచినవాడు.

2000లో ఇతనికి టెక్సస్ బ్యాండ్‌మాస్టర్ల గౌరవ జాబితాలో స్థానం లభించినది.

కాలమూ ప్రదేశమూ

జాన్సన్ ఉద్యోగంలో చేరిన నాటికి టెక్సస్‌లో నల్లవారి బడులు వేరు, తెల్లవారి బడులు వేరు. పాఠశాలలలో ఇటువంటి జాతి విభజన రాజ్యాంగ విరుద్ధమని అమెరికా సర్వోన్నత న్యాయస్థానం 1954లో తీర్పు చెప్పినది. అయితే హ్యూస్టన్‌లో ఆ తీర్పు అమలు 1960లో మాత్రమే మొదలైనది. అదియును ఒక్కసారిగా గాక, ఏడాదికి ఒక తరగతి చొప్పున, నత్తనడకన సాగినది. కాష్మియర్ బ్యాండు పేరు తెచ్చుకొంటున్న రోజులలో కూడా ఆ పాఠశాల విద్యార్థులు ఇంచుమించు అందరూ నల్లజాతివారే. రాష్ట్ర, జాతీయ స్థాయి స్టేజ్ బ్యాండ్ పోటీలకు వచ్చే బృందాలలో అధికభాగం తెల్లవారి పాఠశాలలవి. వారు వాయించేది 1930, 40ల నాటి స్వింగ్ పద్ధతి జాజ్. నల్లజాతి సంగీతజ్ఞులు సృష్టించిన సంగీతానికి జరిగే పోటీలలో నల్లజాతి బడి ఒక అరుదైన అతిథిగా కనిపించడం చిత్రంలోని పాత ఫోటోలను చూచినవారికి వెంటనే తోస్తుంది.

ఒటిస్ రెడింగ్ కచేరీ

1967లో జాన్సన్ సుప్రసిద్ధ సోల్ గాయకుడు ఒటిస్ రెడింగ్ కచేరీని చూచాడు. (అదే సంవత్సరం డిసెంబరులో జరిగిన విమాన ప్రమాదంలో రెడింగ్ మరణించాడు.) గాయకుడు, వాద్యకారులు వేదికపై నిలిచిన చోట నిలువక, పాటతో పాటు కదులుతూ ప్రేక్షకులను తమతో ఊగించిన తీరు జాన్సన్‌ను ఆకర్షించినది. ఇదే పని బడిపిల్లలతో ఎందుకు చేయించకూడదు అన్న ఆలోచన అక్కడ పుట్టినదని చిత్రం చెబుతుంది.

అంతవరకు పాఠశాల బ్యాండువారు కుర్చీలలో కదలక కూర్చుండి, ముందున్న కాగితాలను చూచి వాయించేవారు. కాష్మియర్ పిల్లలు లేచి నిలబడ్డారు. ట్రాంబోన్లు ఒక ప్రక్కకు, ట్రంపెట్లు మరొక ప్రక్కకు లయబద్ధంగా ఊగేవి. ప్రత్యేకమైన దుస్తులు, ఎత్తు మడమల బూట్లు, ఆ కాలంలో నల్లజాతి ఆత్మాభిమానానికి గుర్తుగా ఉన్న గుబురైన ఆఫ్రో జుట్టు, ఇవన్నీ కలిసి పోటీలకు వచ్చినవారిని విస్తుపోయేలా చేసేవి. అయితే ఇదంతా పైమెరుగు మాత్రమే. న్యాయనిర్ణేతలు మార్కులు వేసేది బూట్లకు కాదు కదా.

సంగీతం

అసలు మార్పు లయలో ఉన్నది. స్వింగ్ జాజ్‌లో నాలుగు దెబ్బల ఆవర్తనంలో రెండవ, నాలుగవ దెబ్బలపై ఊపు ఉంటుంది. 1960ల మధ్యలో జేమ్స్ బ్రౌన్ బృందం రూపుదిద్దిన ఫంక్ పద్ధతిలో బరువంతా మొదటి దెబ్బపైకి వచ్చినది. మిగిలిన దెబ్బల నడుమ ఖాళీలలో బేస్ గిటారు, డ్రమ్ములు, గిటారు ఒకదానితో ఒకటి అల్లుకొంటాయి. కర్ణాటక సంగీతంతో పరిచయం ఉన్న పాఠకులు దీనిని సమంతో పోల్చుకోవచ్చును. ఎవరు ఎంత దూరం పోయినా అందరూ కలిసి వచ్చి పడవలసిన చోటు అదే. ఒక చిన్న స్వరగుచ్ఛం మరల మరల తిరుగుతూ ఉండగా, దానిపైన ఇత్తడి వాద్యాలు కత్తిరించినట్లుగా పొట్టి పొట్టి పలుకులు పలుకుతాయి.

ఇది వినడానికి సులభముగా ఉంటుంది గాని, ఇరవై మందికి పైగా ఉన్న బృందం వాయించడం కష్టము. నలుగురైదుగురు ఉన్న బృందంలో ఒకరి తడబాటును మరొకరు సర్దుకొనగలరు. పది పదిహేను ఇత్తడి వాద్యాలు ఒకే పలుకును ఒకే క్షణంలో పలికి, అదే క్షణంలో ఆపవలసి వచ్చినప్పుడు ఒక్కరు వెనుకబడినా మొత్తం మసకబారుతుంది. కాష్మియర్ బృందపు రికార్డులను నేడు వినేవారికి మొదట కలిగే ఆశ్చర్యం ఇదే. వాయించేది 15 నుండి 18 సంవత్సరాల పిల్లలని చెప్పకపోతే ఎవరూ గుర్తించలేరు.

జాన్సన్ ఇతరుల రచనలను అనుసరించడంతో ఆగక, తన బృందం కొరకు తానే రచనలు చేశాడు. ఆయా పిల్లల బలాబలాలు ఎరిగి, ఎవరికి ఏది నప్పునో చూచి వ్రాయగలగడం ఇందువలన సాధ్యమైనది. "కాష్మియర్", "థండర్ సోల్", "ఆల్ ప్రెయిజెస్", "జీరో పాయింట్", "హెడ్ విగుల్" వీరు వాయించిన వాటిలో పేర్కొనదగినవి. "కాష్ రిజిస్టర్" అనే రచన పేరులో డబ్బు లెక్కించే యంత్రము, పాఠశాల పేరు రెండూ ధ్వనిస్తాయి. జేమ్స్ బ్రౌన్ పాటలకు, ప్రసిద్ధ జాజ్ రచనలకు సొంత అమరికలు కూడా చేశారు.

శిక్షణ విధానం

పూర్వ విద్యార్థులు చిత్రంలో చెప్పిన దానిని బట్టి చూస్తే సాధన తరగతి గంటకు పరిమితం కాలేదు. బడి మొదలు కాకముందు, భోజన విరామంలో, సాయంత్రం బడి ముగిసిన తరువాత కూడా బ్యాండు గదిలో ఎవరో ఒకరు ఉండేవారు. జాన్సన్ గట్టి క్రమశిక్షణ పాటించేవాడు, కాని భయపెట్టి నేర్పేవాడు కాదు. పిల్లలను వృత్తి సంగీతజ్ఞులుగా భావించి, వారి నుండి ఆ స్థాయి పనినే కోరేవాడు. బడి బృందమే అయినా రికార్డింగ్ స్టూడియోకు తీసుకొని వెళ్ళడం ఇందులో భాగమే. స్టూడియోలో యంత్రం చెప్పే తీర్పుకు మొగమాటం ఉండదు.

ఈ విధంగా 1969 మొదలుకొని సుమారు పదేళ్ళలో ఎనిమిది ఆల్బములు వెలువడ్డాయి. ఒక ప్రభుత్వ పాఠశాల బ్యాండుకు ఇది అసాధారణమైన సంఖ్య. వీటి ప్రతులు కొద్దిగా మాత్రమే ముద్రించబడి, చాలావరకు స్థానికంగానే అమ్ముడయ్యాయి.

చిత్రంలో పలువురు పూర్వ విద్యార్థులు తమకు జాన్సన్ తండ్రి వంటివాడని అంటారు. తండ్రి లేని ఇళ్ళ నుండి వచ్చిన పిల్లల విషయంలో ఈ మాటను ఉపచారంగా తీసుకొనరాదు. బ్యాండులో వాయించినవారందరూ సంగీతజ్ఞులు కాలేదు. అధికులు వేర్వేరు ఉద్యోగాలలో స్థిరపడి, వాద్యాలను అటకెక్కించారు. జాన్సన్ సాధించినదేమిటో కొలవాలంటే వీరినే చూడవలెను గాని, సంగీతంలో కొనసాగిన కొద్దిమందిని కాదు.

పోటీలు, పర్యటనలు

1969 నుండి 1977 వరకు ఈ బృందం పాల్గొన్న 46 పోటీలలో 42 గెలిచినది. 1972లో అలబామా రాష్ట్రంలోని మొబీల్ నగరంలో జరిగిన జాతీయ స్థాయి పోటీలో ప్రథమ స్థానం పొందడం వీటిలో ప్రధానమైనది. నల్లజాతి హక్కుల పోరాటంలో అత్యంత తీవ్రమైన ఘట్టాలు నడచిన రాష్ట్రాలలో అలబామా ఒకటి. అటువంటి చోట, దేశంలోనే మేటి పాఠశాల స్టేజ్ బ్యాండుగా కాష్మియర్ పేరు ప్రకటింపబడడాన్ని పూర్వ విద్యార్థులు చిత్రంలో నెమరు వేసుకొంటారు. తరువాత బృందం ఐరోపాకు, జపానుకు కూడా పర్యటించినది. "ఎక్స్‌పో 75" అను ఆల్బము పేరు జపాను పర్యటనను గుర్తు చేస్తుంది.

1978లో జాన్సన్ విరమణతో ఈ అధ్యాయం ముగిసినది. పాఠశాలలో బ్యాండు మరునాడే అంతరించలేదు గాని, ఆ స్థాయి మరల రాలేదు.

మరుగునపడిన రికార్డులు తిరిగి వెలుగులోకి

హిప్‌హాప్ సంగీతకారులు పాత రికార్డులలో డ్రమ్ములు మాత్రమే వినిపించే చిన్న భాగాలను ఎంచుకొని, వాటిని మరల మరల తిప్పుతూ కొత్త పాటలకు ఆధారంగా వాడుకొంటారు. దీనిని శాంప్లింగ్ అందురు. ఎవరికీ తెలియని రికార్డు దొరికితే వారికి అంత లాభము. ఈ వెదుకులాటలో కాష్మియర్ బృందపు రికార్డులు 1990లలో సేకరించేవారి చేతికి చిక్కాయి. బడిపిల్లలు వాయించిన ఆ పాత ప్రతులకు మంచి ధర పలికినది.

ఈ రికార్డులపై మక్కువ పెంచుకొన్న ఇయోథెన్ అలపట్ (ఇగాన్ అనే పేరుతో ప్రసిద్ధుడు) హ్యూస్టన్‌లో జాన్సన్‌ను కలుసుకొన్నాడు. అతని నౌ-అగైన్ సంస్థ 2006లో "టెక్సస్ థండర్ సోల్ 1968–1974" అనే సంకలనాన్ని విడుదల చేసినది. దీనితో 90 ఏళ్ళు దాటిన ఉపాధ్యాయుని పేరు, అతడు ఎన్నడూ చూడని దేశాలలోని యువకులకు పరిచయమైనది. రేడియోలో ఈ బృందం గురించిన కార్యక్రమాన్ని విన్న లాండ్స్‌మన్ చిత్రం తీయడానికి పూనుకొన్నాడు.

చిత్రం

చిత్రం రెండు కాలాల మధ్య నడుస్తుంది. ఒకవైపు 1970ల నాటి ఫిల్ము భాగాలు, ఫోటోలు, అసలు రికార్డుల ధ్వని. మరొకవైపు 2008 ప్రారంభంలో, యాభై ఏళ్ళు దాటిన పూర్వ విద్యార్థులు పాత పాఠశాలలో చేరి సాధన చేయడం. వీరిలో కొందరు బడి విడిచిన తరువాత వాద్యాన్ని తాకనైనా తాకలేదు. మొదటి సాధనలో ఊపిరి చాలదు, వ్రేళ్ళు వినవు, శ్రుతి కలవదు. చూచేవారికి నవ్వు వస్తుంది, వాయించేవారు కూడా నవ్వుకొంటారు. రోజులు గడచిన కొలదీ పలుకులు మెల్లగా ఒకచోట పడడం మొదలవుతుంది. వ్యాఖ్యానం ఏదీ అవసరం లేకుండానే, ముప్పై ఏళ్ళనాటి శిక్షణ వారి శరీరాలలో ఎక్కడో నిలిచి ఉన్నదని చెవికే తెలుస్తుంది. చిత్రంలో అత్యుత్తమ భాగం ఇదే అని చెప్పవచ్చును.

ఆ సమయానికి జాన్సన్ ఆరోగ్యం బాగా క్షీణించి ఉన్నది. అతడు కచేరీకి రాగలడా అన్న సందేహం చిత్రం చివరి భాగమంతా వెన్నాడుతుంది. అతడు వచ్చాడు, విన్నాడు. కచేరీ జరిగిన కొద్ది రోజులలోనే, 2008 ఫిబ్రవరి 3న, హ్యూస్టన్‌లో మరణించాడు. చిత్రం పూర్తయి తెరపైకి వచ్చేటప్పటికి అతడు లేడు.

2010లో ఆస్టిన్ నగరంలోని సౌత్ బై సౌత్‌వెస్ట్ ఉత్సవంలో ఈ చిత్రం ప్రదర్శింపబడినది. అదే సంవత్సరం లాస్ ఏంజెలెస్ చలనచిత్రోత్సవంలో డాక్యుమెంటరీ విభాగంలో ప్రేక్షకుల బహుమతి పొందినది. 2011 సెప్టెంబరులో అమెరికా థియేటర్లలో విడుదలైనది.

ఇది నివాళి చిత్రమే గాని పరిశోధన కాదు. జాన్సన్ తరువాత బ్యాండు ఎందుకు క్షీణించినది, అందులో పాఠశాల పాలకుల పాత్ర ఎంత, పేట ఆర్థిక పరిస్థితుల పాత్ర ఎంత అనే ప్రశ్నలను చిత్రం తాకీ తాకనట్లు వదలివేస్తుంది. కెమెరా నేటి కాష్మియర్ పాఠశాల గదులలో తిరిగినప్పుడు మాత్రం ఆ ప్రశ్న ప్రేక్షకునికి తనంతట తానే కలుగుతుంది.

పాఠశాలలలో సంగీతం

చిత్ర నిర్మాణ కాలంలో ఈ ప్రశ్న అమెరికా అంతటా వినిపించేది. 2002లో అమలులోకి వచ్చిన "నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్" చట్టం పాఠశాలల యోగ్యతను ప్రధానంగా చదువు, గణితం పరీక్షల ఫలితాలతో కొలిచినది. ఫలితాలు తక్కువగా ఉన్న బడులు ఆ రెండు విషయాలకు సమయం పెంచగా, కళలకు మిగిలే సమయం, డబ్బు చాలాచోట్ల తగ్గాయి. తక్కువ ఫలితాలు ఎక్కువగా పేద పేటల బడులవే కనుక, కోత కూడా వాటిపైననే ఎక్కువగా పడినది. 2000ల దశకంలో కాష్మియర్ పాఠశాల కూడా రాష్ట్ర పరీక్షలలో పదేపదే తక్కువ శ్రేణిలో నిలిచి మూసివేత ప్రమాదాన్ని ఎదుర్కొన్నది. 2023లో టెక్సస్ విద్యాశాఖ మొత్తం హ్యూస్టన్ పాఠశాలల జిల్లా పాలనను తన చేతిలోకి తీసుకొన్నది. ఒకనాడు దేశంలో ప్రథమ స్థానం పొందిన బ్యాండు గది ఉన్నది ఈ జిల్లాలోనే.

ఇదే కోవకు చెందిన మరొక చిత్రం 1995 నాటి "స్మాల్ వండర్స్". న్యూయార్క్ నగరంలోని ఈస్ట్ హార్లెం బడులలో వయొలిన్ నేర్పిన రోబెర్టా గ్వస్పారి కథ అది. అక్కడ నిధుల కోతతో ఆగిపోనున్న తరగతులను నిలబెట్టడానికి 1993లో కార్నెగీ హాలులో కచేరీ జరిగినది. ఆ కథ ఆధారంగా 1999లో మెరిల్ స్ట్రీప్ నటించిన "మ్యూజిక్ ఆఫ్ ది హార్ట్" వచ్చినది. రెండింటి మధ్య ఒక భేదం గమనింపదగినది. స్మాల్ వండర్స్‌లో తరగతి నడుస్తూ ఉన్నది, దానిని కాపాడుకోవడమే సమస్య. థండర్ సోల్ నాటికి తరగతి గతించినది, మిగిలినది అందులో నేర్చినవారు మాత్రమే.

చిత్రం తరువాత

కచేరీ కొరకు కలిసిన పూర్వ విద్యార్థులు "కాష్మియర్ రీయూనియన్ స్టేజ్ బ్యాండ్" పేరుతో ఆ తరువాత కూడా ప్రదర్శనలు ఇచ్చారు. అసలు బృందపు ధ్వని 2017లో మరొకసారి ప్రపంచమంతటా వినిపించినది. ఎడ్గర్ రైట్ దర్శకత్వం వహించిన "బేబీ డ్రైవర్" అనే హాలీవుడ్ చిత్రపు పాటల సంకలనంలో, పేరుపొందిన కళాకారుల నడుమ, హ్యూస్టన్ బడిపిల్లలు వాయించిన "కాష్మియర్" కూడా చోటు చేసుకొన్నది.